వేటగుండ్ల పోత: సీసము, అచ్చు, అనుభవము

సీసమనగానే మన పాఠకులకు మొదట స్ఫురించునది పద్యము. ఈ వ్యాసమున మేము చెప్పబూనినది పద్యమును గూర్చి కాదు, లోహమును గూర్చి. 19వ శతాబ్దమున భారతదేశము, సింహళము, ఆఫ్రికా ఖండముల యడవులలో పెద్దమృగములను వేటాడిన ఆంగ్లేయులు తమ తుపాకులకు వలసిన సీసపు గుండ్లను పెక్కుసారులు తమ బంగళాలలోను, గుడారముల యెదుటను కరగించి పోతపోసికొనుచుండిరి. వారు వ్రాసిన గ్రంథములు నేటికిని గ్రంథాలయములలో నున్నవి. వానిని చదువువారు పులి దూకిన ఘట్టమును, ఏనుగు తరిమిన ఘట్టమును చదివి యానందింతురు. నిప్పుమీద సీసపు పాత్ర కాగుచున్న పుటలను త్రిప్పివేయుదురు. మా దృష్టిలో చరిత్రకు మిక్కిలి పనికివచ్చునవి ఆ త్రిప్పివేసిన పుటలే. వేటగాడు తన ధైర్యమును గూర్చి చెప్పుకొనిన మాటలను మనము పరీక్షింపజాలము. అతడు చెప్పిన లోహపు పాళ్లను పరీక్షింపవచ్చును.

ఇట్టి విషయము నెత్తుకొనినప్పుడు ముందుగా శుక్రనీతిని తడవుట మనలో పరిపాటి. అందు నాళికాస్త్రములును, తుపాకి మందును, చిన్న నాళికలకు సీసపు గోళములును చెప్పబడిన మాట నిజము. మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో సంస్కృతాచార్యుడుగా నుండిన గుస్తావ్ ఆపర్ట్ 1880లో ప్రకటించిన గ్రంథమున ఆ వాక్యములను ఆధారముగా గొని, ప్రాచీన భారతీయులకు తుపాకి తెలియునని వాదించెను. అయితే ఆ నీతిగ్రంథము ఇప్పుడు లభించుచున్న రూపమున 19వ శతాబ్దపు రచనయే యని 1962లో లల్లన్‌జీ గోపాల్ చూపిన హేతువులు బలమైనవి. కావున ప్రాచీనతకు దానిని సాక్షిగా నిలుపుట తగదు. మేము దానిని ప్రక్కనుంచి, కాలనిర్ణయమున సందేహములేని రచనలనే గ్రహించుచున్నాము.

మా వాదము సంగ్రహముగా నిది. గుండ్ల పోత కేవలము చేతిపని కాదు. అది మృగశరీరమును గూర్చిన యొక శాస్త్రముగా నుండెను. ఏ మృగమునకు ఎంత మెత్తని లోహము, ఎంత గట్టి లోహము అను ప్రశ్నకు వేటగాడు తన పొయ్యియొద్దనే సమాధానము చెప్పుకొనవలసియుండెను. ఆ సమాధానము తప్పినచో ఒకప్పుడు మృగము గాయముతో పారిపోయి దినముల తరబడి బాధపడి చచ్చును; ఒకప్పుడు వేటగాడో, అతని వెంట నడచిన గ్రామీణుడో చచ్చును. ఈ శాస్త్రము ఎంత నిశితమైనదో, దాని చూపు మరియొక దిక్కున అంత కురుచయైనది. ఈ రెంటిని కలిపి చూచుట ఈ వ్యాసమునకు ప్రయోజనము.

1. కొలత

ఇంగ్లండులో తుపాకి గొట్టపు వెడల్పును అంగుళములతో గాక గుండ్ల లెక్కతో చెప్పుట ఆచారమయ్యెను. ఒక పౌను శుద్ధసీసమును సమానమైన పండ్రెండు గుండ్లుగా పోసినచో, అట్టి గుండొకటి యే గొట్టమున సరిగా నిముడునో ఆ గొట్టము 12వ నంబరు బోరు. పదిగా పోసిన 10వ నంబరు, నాలుగుగా పోసిన 4వ నంబరు. కావుననే నంబరు తగ్గినకొలది గొట్టము వెడల్పగును. క్రొత్తగా వినువారికి ఇది తలక్రిందులుగా దోచును. కాని పొయ్యి యెదుట కూర్చున్నవానికి ఇంతకంటె సులభమైన లెక్క లేదు: ఒక పౌను సీసపు దిమ్మను కరగించినచో తనకు ఎన్ని గుండ్లు వచ్చునో తుపాకి పేరే చెప్పుచున్నది. నేటికిని 12వ నంబరు తుపాకి యని వ్యవహరించువారు తమకు తెలియకయే ఆ పాతపొయ్యిని స్మరించుచున్నారు.

12వ నంబరు గొట్టపు వ్యాసము 0.729 అంగుళము, దాని గుండు 583 గ్రెయినులు. మన పాతతూకమున ఇది మూడుంబావు తులములు, అనగా పలముకంటె కొంచె మెక్కువ. 8వ నంబరు గుండు రెండు ఔన్సులు. 4వ నంబరు గుండు నాలుగు ఔన్సులు, అనగా 1750 గ్రెయినులు. పది తులములకు కొంచెము మాత్రమే తక్కువ. 32వ నంబరు గొట్టముకంటె 4వ నంబరు గొట్టము వెడల్పున రెండింతలే. గుండు బరువున ఎనిమిదింతలు. గోళమునకు వ్యాసము రెండింతలైనచో ఘనపరిమాణము ఎనిమిదింత లగుట గణితధర్మము. పెద్దమృగపు వేటగాండ్రు బ్రహ్మాండమైన తుపాకులను మోయించుకొని తిరుగుటకు ఈ ధర్మమే కారణము. నల్లమందు కాలమున గుండు వేగమును ఒక మితికి మించి పెంచుట సాధ్యము కాదు, పెంపదగినది బరువొక్కటే.

సామ్యూల్ వైట్ బేకర్ (1821–1893) అను వేటగాడు 1840లో బ్రిస్టల్ పట్టణపు గిబ్స్ చేత చేయించుకొనిన రైఫిలు 21 పౌనుల బరువు గలది. గొట్టము 36 అంగుళముల పొడవు. అందులో వేయు గుండ్రని గుండు మూడు ఔన్సులు, కోసుగుండు నాలుగు ఔన్సులు. మందు 16 డ్రాములు, అనగా నిండుగ ఒక ఔన్సు. అతడు సింహళమున ఏనుగులను వేటాడినది ఈ తరగతి యాయుధములతోనే. తరువాత అతడు ఆఫ్రికాకు గొనిపోయిన మరియొక తుపాకి అర పౌను బరువుగల ప్రేలుడు గుండును విసరునది. దానికి అతడు ‘బేబీ’ యని పేరిడెను. దాని తన్నుకు తానే గిరగిర తిరిగిపోయితినని ఒప్పుకొనెను.

గుండ్లను ఇంటనే పోయవలసిన యవసరము ఏల కలిగెను? మొదటి కారణము తుపాకుల వైవిధ్యము. నోటినుండి దట్టించు ఆ కాలపు తుపాకులు ఒక్కొక్కటి ఒక్కొక్క పనివాని చేతిలో రూపొందినవి. ఒకే నంబరు పేర నున్న రెండు గొట్టములకు వెంట్రుకవాసి భేద ముండుట సామాన్యము. గుండును చమురు రాచిన పలుచని గుడ్డపేలికలోనో, మెత్తని తోలులోనో చుట్టి గజముతో దిగద్రోయవలెను. కావున గుండు గొట్టముకంటె ఆ పేలిక మందమంత చిన్నదై యుండవలెను. అందుచేత తుపాకి చేసినవాడు పెట్టెలో తుపాకితోపాటు దానికి మాత్రమే తగిన అచ్చును కూడ నుంచి పంపుచుండెను. రెండవ కారణము దూరము. అంగడికి వారముల ప్రయాణముగల చోట సీసపు కడ్డీలు, అచ్చు, గరిటె యున్నచో చాలును. మూడవది మితవ్యయము. చచ్చిన మృగము దేహమున చిక్కిన గుండును పెరికి మరల కరగింపవచ్చును. సీసము ఎన్నిమారులు కరగినను సీసమే.

2. పోత

సీసము 327 డిగ్రీల సెంటీగ్రేడు వేడిమికి మించగానే కరగును. ఇనుము కరగించుటకు వలసిన కొలిమి దీనికి అక్కరలేదు, వంటపొయ్యియే చాలును. గృహమున ఈ పని సాగుటకు లోహపు టీ స్వభావమే మూలము. ఇనుపపాత్రలో సీసము కరగి నిలిచినప్పుడు దానిపై బూడిదవన్నె మైల తేలును. కొంచెము కొవ్వో, మైనమో వేసి కలిపినచో మైల విడిపోయి, గరిటెతో తీసివేయుటకు వీలగును. పిమ్మట గరిటెతో ముంచి, పట్టుకారువలె రెండు దవడలుగా తెరచుకొను అచ్చులోనికి సన్నని ధారగా పోయవలెను. క్షణములో గట్టిపడును. అచ్చు తెరచి తట్టగానే గుండు రాలును. పోసిన రంధ్రమువద్ద మిగిలిన తోకను కత్తిరించి మరల పాత్రలో వేయుదురు.

చెప్పుటకు సులభమే గాని ఇందు మెలకువలు కలవు. అచ్చు చల్లగా నున్నచో గుండు ముడుతలు పడును. కావున మొదటి గుండ్లను లెక్కింపక, అచ్చు వేడెక్కువరకు పోయుచు మరల కరగించుచు నుండవలెను. అచ్చు మితిమీరి వేడెక్కినచో గుండు పైభాగము మంచు పట్టినట్లు మసకబారును. సీసము గట్టిపడునప్పుడు నూటికి మూడు నాలుగు పాళ్లు కుంచించుకొనును. పోతరంధ్రముపై కరగిన లోహము కొంత నిలిచియుండనిచో లోపల బోలు మిగులును. అట్టి గుండు కంటికి నిండుగానే కనబడును. కాని గాలిలో గురి తప్పి ప్రక్కకు పోవును. దీనిని కనిపెట్టుటకు త్రాసొక్కటే సాధనము. జాగరూకుడైన వేటగాడు గుండ్లను ఒక్కొక్కదానిని తూచి, తేలికైనవానిని మరల పాత్రలో వేయును.

నీటిబొట్టును గూర్చిన హెచ్చరిక అన్నిటికంటె ముఖ్యము. తడి గరిటెయైనను, వానచినుకైనను కరగిన సీసములో ముంచుకొనినచో నీరు తక్షణము ఆవిరియై లోహమును ముఖముమీదికి చిమ్మును. వర్షకాలపు గుడారములలో ఈ పని యెంత ప్రమాదకరమో ఊహింపవచ్చును. ఇక సీసపు మైల, పొడి నెమ్మదిగా పనిచేయు విషములు. పోత పోసిన చేతులతోనే యన్నము తినుటవలన గలుగు హానిని ఆ కాలపువారు ఇంచుకైన లెక్కించినట్లు తోపదు.

3. మెత్తదనము, గట్టిదనము

శుద్ధసీసము గోటితో గీరినను గీతపడునంత మెత్తన. జింకవంటి పలుచని చర్మముగల మృగమునకు ఈ మెత్తదనమే గుణము: గుండు తగిలిన వెంటనే పుట్టగొడుగువలె విచ్చుకొని పెద్దగాయము చేసి శీఘ్రముగా పడగొట్టును. కాని ఏనుగు కపాలమునకు, ఖడ్గమృగపు చర్మమునకు, అడవిదున్న భుజపుటెముకకు అదే గుండు తగిలినచో పైననే చదునై నిలిచిపోవును. మృగము చావదు, కోపించును. అందుచేత గుండును గట్టిపరచుట పెద్దమృగపు వేటకు ప్రాణసమస్య యయ్యెను.

గట్టిపరచుటకు సులభోపాయము తగరము. పదిపాళ్లు సీసమునకు ఒకపాలు తగరము చేర్చినచో మిశ్రలోహపు గట్టిదనము శుద్ధసీసమునకు రెండింతలగును. రోలిన్ గార్డన్ కమింగ్ (1820–1866) ఈ విషయమున మంచి యుదాహరణము. ఇతడు తొలుత మద్రాసు అశ్వదళమున చేరి, ఇక్కడి శీతోష్ణములు పడక విడిచిపోయినవాడు. 1843 మొదలు ఐదేండ్లు దక్షిణాఫ్రికాలో వేటాడెను. ఏనుగుల వేటలో గట్టిలోహము చాలక, తన బండ్లలోని తగరపు గృహోపకరణములను కరగించి సీసములో కలిపెను. విందుబల్లమీది పాత్రలు గుండ్లుగా మారి ఏనుగు తలలో చేరిన ఈ వృత్తాంతమున హాస్యము కొంత కలదు. కాని అవి లేనిదే తన ప్రాణమునకు భద్రత లేదని అతడెరిగి చేసిన పని యది.

బేకరు తగరమునకు ఒప్పుకొనలేదు. అతడు 1861–62లో నైలునది యభిసీనియా ఉపనదుల ప్రాంతమున సంచరించి, 1867లో ప్రకటించిన గ్రంథమున తన గుండ్లు తొమ్మిదిపాళ్లు సీసము, ఒకపాలు పాదరసము అని చెప్పి, దానిని కలుపు విధమును కూడ వివరించెను. సీసమును వేరుగా పెద్దపాత్రలో ఎఱ్ఱబారువరకు కాచవలెను. దానిని గరిటెతో కొంచెము కొంచెముగా వేరుచేసి, మూడు నాలుగు గుండ్లకు చాలునంత మేరకే పాదరసము చేర్చి, ఇనుపకడ్డీతో త్వరగా కలిపి వెంటనే పోయవలెను. పెద్దపాత్రలోనే పాదరసము పోసినచో అది ఆవిరియై పోవునని అతని హెచ్చరిక.

ఈ మాటలను పరీక్షింపవచ్చునని మేము మొదట చెప్పితిమి. ఇప్పుడు పరీక్షింతము. పాదరసము 357 డిగ్రీలకు మరగును. సీసము కరగుటకును పాదరసము మరగుటకును నడుమ ముప్పది డిగ్రీల వ్యత్యాసమే కలదు. ఎఱ్ఱబారిన సీసము వేడిమి 500 డిగ్రీలకు మించియుండును. కావున పాదరస మెగిరిపోవునన్న మాట అక్షరాల సత్యము; కొంచెము కొంచెముగా, త్వరత్వరగా పోయుమనుట అనుభవమునుండి పుట్టిన విధి. తగరమును అతడేల నిరాకరించెను? సీసపు సాంద్రత 11.34, తగరపు సాంద్రత 7.3, పాదరసపు సాంద్రత 13.5. లెక్కగట్టి చూచినచో పదవపాలు తగరము చేరిన లోహము సాంద్రత ఇంచుమించు 10.7కు దిగును, పాదరసము చేరినది 11.5కు పెరుగును. అచ్చు ఒక్కటే గనుక, తగరము కలిపిన గుండు నూటికి ఐదుపాళ్లు తేలిక యగును. పాదరసము కలిపినది గట్టిపడియు బరువు తగ్గదు. బరువే బలమైన కాలమున ఇది అల్పవిషయము కాదు. బేకరు సాంద్రతల పట్టిక వ్రాయలేదు. చేతితో తూచి, ఏనుగుమీద పరీక్షించి యదే నిర్ణయమునకు వచ్చెను.

అయితే ఆ యావిరి ఎక్కడికి పోయెను? పాదరసపు టావిరి మెదడును, నరములను చెరచునది. బేకరు దానిని లోహనష్టముగనే గణించెను; పొయ్యిమీదికి వంగి కలుపుచున్నవాని యూపిరిలోనికి అది పోవుచున్నదను మాట ఆ వివరణమున లేదు. మేము కురుచచూపు అన్నదానికి ఇది మొదటి దృష్టాంతము.

గట్టిపరచుటకు వాడిన మూడవ పదార్థము మన శాఖవారికి ఆప్తమైనది: ముద్రణాలయపు టక్షరముల లోహము. సీసము, ఆంటిమొని, తగరము కలిసిన ఈ లోహము అచ్చులో చక్కగా నిండి, అంచులు తెగినట్లు గట్టిపడును. అక్షరమునకు కావలసినదియు, గుండునకు కావలసినదియు ఆ గుణమే. తెలుగున అచ్చు అను మాట గుండు పోయు సాధనమునకును, పుస్తకముద్రణమునకును ఒక్కటే యగుట ఊరక కలిగినది కాదు. రెండును కరగిన సీసమును ఒక రూపమున నిలుపు పనులే.

4. గుండ్రన, కోసు, బోలు

లోహమును గూర్చిన వివాదముతోపాటు ఆకారమును గూర్చిన వివాదము నడచెను. 1849 ప్రాంతమున మినియె పేరి కోసుగుండు సైన్యములలో వ్యాపింపగా, దూరపుగురికి అదియే మేలని తేలెను. కాని వేటగాండ్రలో ననుభవజ్ఞులు దానిని వెంటనే యంగీకరింపలేదు. బేకరు, క్రూరమృగముల విషయమున కోసుగుండు మిక్కిలి సన్నని గాయము చేయుననియు, ఎముకకు తగిలినచో ప్రక్కకు జారుననియు చెప్పి గుండ్రని బరువుగుండునే సమర్థించెను. మధ్యభారతపు టడవులలో నుద్యోగించిన జేమ్స్ ఫార్సైత్ (1838–1871) 1863లో వేటరైఫిలును, దాని గుండ్లను గూర్చి ప్రత్యేకగ్రంథమే వ్రాసెను. గొట్టములోని గాడులు నెమ్మదిగా మెలితిరిగియుండవలెననియు, వెడల్పైన గుండ్రని గుండును ఎక్కువ మందుతో పేల్చినచో అడవిలో కాల్చునంత దూరమునకు అది వంపులేక పోవుననియు అతని సిద్ధాంతము. సైనికుడు ఐదారువందల గజముల దూరము కాల్చును. వేటగాడు నూరుగజములలోపల, తరచుగా ముప్పది గజములలోపల కాల్చును. పనిని బట్టి సాధనము మారవలెనని ఫార్సైత్ వాదసారము. ఈ గుండుకు అచ్చు సులభము, పోత సులభము, తప్పు తక్కువ. సిద్ధాంతమునకును పొయ్యికిని ఇక్కడ పొందిక కుదిరినది.

ఆ తరువాత వచ్చినది ఎక్స్‌ప్రెస్ రైఫిలు. తేలికైన గుండు, మిక్కిలి మందు, అధికవేగము దాని లక్షణములు. గుండు మొనలో బోలుండుటచే అది మృగదేహమున ముక్కలై చెదరును. జింకలకు తిరుగులేని ఈ గుండు పెద్దపులి భుజమున తగిలినచో పైకండరములలోనే చెదరి, ప్రాణస్థానమును చేరకపోవుట కలదు. 1890లో వెలువడిన తన చివరి వేటగ్రంథమున బేకరు ఈ బోలుగుండును గట్టిగా ఖండించెను. పులికి శుద్ధసీసపు బోలులేని గుండు కావలెను; అది లోపల విచ్చుకొని, రెండవవైపు చర్మమువరకు పోయి, అక్కడ నిలిచిపోవలెను; గుండులోని శక్తియంతయు మృగశరీరముననే వ్యయము కావలెను. ఏనుగునకు గట్టిగుండు, పులికి మెత్తనిగుండు, దేనికిని బోలుగుండు వలదు: ఐదుపదుల యేండ్ల పోతకు అతడు తేల్చిన ఫలితమిది. గాయపడి పొదలో దాగిన పులిని వెదకబోవునప్పుడు ముందు నడచువారెవరో తలచుకొనినచో ఈ వివాదము కేవలము లోహశాస్త్రము కాదని తెలియును.

5. పొయ్యియొద్ద నున్నదెవరు?

ఈ గ్రంథములలో పోతను గూర్చిన వాక్యములు తరచుగా ‘నేను పోసితిని’ అనియో, ‘గుండ్లు పోయబడినవి’ అనియో యుండును. గుడారమున వంటవాడు, తుపాకులు మోయువాడు, గుఱ్ఱపువాడు, జాడతీయు గ్రామీణుడు ఉన్నారని ఆ గ్రంథములే చెప్పును. కట్టెలు తెచ్చి, పొయ్యి రాజవేసి, తిత్తి యూది, అచ్చు తెరచి, తోకలు కత్తిరించిన చేతులన్నియు దొరవే యని నమ్ముట కష్టము. కర్మణిప్రయోగము వెనుక కర్త మరుగుపడియున్నాడు. వ్యాకరణము నెరిగిన మన విద్యార్థులు చరిత్రలోను ఇట్టి వాక్యములను కనిపెట్టవలెను.

ఇక్కడ భాష మనకు కొంత సాక్ష్యమిచ్చుచున్నది. తుపాకి శబ్దము తురుష్కభాషామూలకమైనను, దాని పరికరములకు తెలుగువారు తమ మాటలను పెక్కింటిని వాడుకొనిరి. గుండు దక్షిణదేశభాషలకు సాధారణమైన మాట. గుండ్రాయి, తాళిబొట్టు ప్రక్కని బంగారుగుండు, తుపాకిగుండు దానికి అర్థములే. మందు రోగికి నిచ్చునదియు, తుపాకిలో దట్టించునదియు. ముట్టించు మందునకు రంజకమని పేరు. దట్టించు కడ్డీ గజము. కంసాలి పుటము పెట్టు మూస, కమ్మరి పట్టుకారు, తిత్తి ఈ పనికి పరాయివి కావు. ఇన్ని పరికరములకు వాడుకమాటలు గల దేశమున ఆ పని తెలిసిన చేతులు లేవనుట పొసగదు. ఏ గుడారమున ఏ కమ్మరి పోసెనో ఈ మాటలు చెప్పవు. కాని ఆ విద్య దొరల పెట్టెలతో నోడ దిగినదన్న భ్రమను తొలగించుటకు ఇవి చాలును.

చట్టమును చూచినచో భేదము మరింత స్పష్టమగును. 1878 నాటి ఆయుధశాసనము తుపాకులతో నాగలేదు. సీసము, గంధకము, పెట్లుప్పు మొదలగు పదార్థములకు కూడ తన నిబంధనలను వర్తింపజేయు నధికారమును ప్రభుత్వమునకు ఇచ్చెను. ఆ శాసనము క్రింది నియమములలో యూరోపియనులకు మినహాయింపు లుండెను. ఒకే పొయ్యి, ఒకే సీసము. ఒకనికి వినోదసాధనము, మరియొకనికి అనుమానకారణము. సీసపు దిమ్మ ఎవరి యింట నున్నదను దానినిబట్టి దాని యర్థము మారినది. ఈ శాసనము స్థానమున 1959లో స్వతంత్రభారతపు టాయుధచట్టము వచ్చినది.

6. ఫలితము

ఇంత నిశితమైన విద్య దేనికి వినియోగపడెను? ఫ్రెడరిక్ సెలూస్ (1851–1917) పందొమ్మిదవ యేట, 1871లో, దక్షిణాఫ్రికా చేరెను. అతడు కొనినవి చవుకరకపు నున్నగొట్టపు 4వ నంబరు తుపాకులు రెండు. వానిలో నాలుగు ఔన్సుల గుండ్రని గుండును, వర్తకులమ్ము ముతకమందును పిడికిటితో పోసి పేల్చుచు, 1872 మొదలు 1874 వరకు 78 ఏనుగులను చంపెను. పొయ్యిమీద సీసము కరగించుటకు వీలుండుటయే ఇంత మారణమునకు మూలమని మేమనుటలేదు. దంతపు వెలయే మూలము. కాని ఇంటిపోత లేనిదే ఆ వేట అంతదూరము అడవులలోనికి సాగియుండదు.

మనదేశమున ఫలితము శాసనములలో కనబడుచున్నది. అడవియేనుగుల రక్షణకై మద్రాసు ప్రభుత్వము 1873లోనే మొదటి శాసనము చేయవలసివచ్చెను. 1879లో భారతప్రభుత్వము ఏనుగుల రక్షణశాసనమును, మద్రాసు ప్రభుత్వము నీలగిరుల వేటమృగముల రక్షణశాసనమును చేసినవి. బేకరు గిబ్స్ రైఫిలు చేయించుకొనిన నలువదియేండ్లలోపలనే ఈ స్థితి కలిగెను. ఒక్కొక్క గుండును త్రాసులో తూచినవారు మొత్తపు చావులను తూచలేదు. మృగము బాధపడక చావవలెనన్న శ్రద్ధ వారిలో నిజముగా నుండెను. ఎన్ని మృగములు చావవచ్చునన్న ప్రశ్న వారిలో మిక్కిలి కొలదిమందికే తోచెను. మేము చెప్పిన కురుచచూపునకు ఇది రెండవది, పెద్దది యగు దృష్టాంతము.

ఈ విద్య పెద్దమృగముల వేటలో నంతరించుటకు దయ కారణము కాదు, రసాయనశాస్త్రము కారణము. 1886లో ఫ్రాన్సున పొగలేని మందు వచ్చెను. 1889లో ఇంగ్లండున కార్డైటు వచ్చెను. వానివలన గలిగిన వేగమునకు వట్టి సీసపు గుండు గాడులలో నిలువక చీరుకొనిపోవును. కావున సీసమునకు రాగి, నికెలువంటి లోహపు తొడుగు అవసరమయ్యెను. తొడుగు తొడుగుట వంటపొయ్యికి సాధ్యము కాదు, కర్మాగారమునకే సాధ్యము. 1898లో రిగ్బీ .450 నైట్రో ఎక్స్‌ప్రెస్ రైఫిలును తెచ్చిన పిమ్మట ఏనుగుల వేటగాడు పెట్టెలోని తూటాలను కొనువాడయ్యెను. గుండు లోపలి రహస్యము అతని చేతినుండి జారి, కర్మాగారపు పట్టికలలో చేరెను. పాశ్చాత్యదేశములలో పాతతుపాకులయందు అభిమానముగలవారు నేటికిని ఇంట గుండ్లు పోయుచున్నారు. కాని అది యిప్పుడు అభిరుచి, అవసరము కాదు. మనదేశమున 1972 నాటి వన్యప్రాణి సంరక్షణచట్టము వినోదపు వేటకు ముగింపు పలికెను. సీసము చేసిన హాని గుండు తగిలిన మృగముతో ఆగదని ఇటీవలి పరిశోధనలు తేల్చినవి. చచ్చిన మృగమును తిన్న గద్దలు, రాబందులు అందలి సీసపు తునకలచే విషమెక్కి చచ్చుచున్నవి. కాండరు పక్షుల నాశమును చూచి కాలిఫోర్నియా రాష్ట్రము 2019 జూలై 1 నుండి వేటలో సీసపు గుండును పూర్తిగా నిషేధించినది.

ఈ విద్య పోయినదని విచారింపవలసిన పని లేదు. కాని దానిని గూర్చిన వ్రాతలను ఉపేక్షించుట చరిత్రకారునకు తగదు. పాదరసపు పాలు, అచ్చు వేడిమి, తోక కత్తిరింపు, త్రాసులో తేలిన బోలుగుండు: ఇట్టి వివరములున్న చోట రచయిత సత్యమే చెప్పుచున్నాడు, ఏలయన అబద్ధమునకు అక్కడ ప్రయోజనము లేదు. పులి పొడవును గూర్చి చెప్పినచోట మనము సందేహింపవచ్చును. పరిశోధకవిద్యార్థులు ఈ గ్రంథములను మరల తెరచునప్పుడు మూడు ప్రశ్నలతో తెరువవలెనని మా మనవి: లోహమేమి? పోసినదెవరు? ఆ గుండు దేని దేహమున చేరెను? మొదటి ప్రశ్నకు దొరలు చక్కగా సమాధానమిచ్చిరి. మూడవదానికి సగము సమాధానమిచ్చిరి. రెండవదానికి సమాధానము మనము వెదకవలసియున్నది.